ఖర్కాయి ఒడ్డున రెండో దారి

"ఫైబర్ బాగానే ఉంది. అదే నా భయం."

అనంతకృష్ణ ఈ లోకంలో అన్న ఆఖరి మాట అది. ఆ వెనకే లారీ హారన్. బ్రేకుల కీచుమోత. అద్దాలు పగిలిన చప్పుడు. ఆ పైన ఫోన్లో వాన హోరు తప్ప ఇంకేమీ లేదు.

ప్రేమ్‌కుమార్ రికార్డింగ్ ఆపాడు. కారు టాటానగర్ స్టేషన్ నుంచి బయల్దేరి బిష్టుపూర్ రోడ్డెక్కింది. సెప్టెంబరు ముసురు. వైపర్లు ఎంత తుడిచినా అద్దం తేటపడడం లేదు.

"మొన్న మధ్యాహ్నం, మాంగో బ్రిడ్జి మీద," అన్నాడు ప్రేమ్‌కుమార్. "లారీ దొరికింది. డ్రైవర్ దొరకలేదు. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు."

"మనం?" అడిగింది శైలజ.

"మనకి ఫోన్ చేస్తూ చచ్చిపోయినవాడిది యాక్సిడెంట్ ఎలా అవుతుంది?"

ప్రేమ్‌కుమార్ ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకి చీఫ్. శైలజ అక్కడ చాలాకాలంగా ఫీల్డ్ ఏజెంట్. అంతకుముందు నెట్‌వర్క్ ఇంజనీర్. అన్నిటికన్నా ముందు, ఈ ఊరి పిల్ల. మాంగో పేటలో తెలుగువాళ్లుండే వీధిలో పుట్టి పెరిగింది. ఈ ఆపరేషన్‌కి ఆమెనే ఎంచడానికి కారణం అదేనని చీఫ్ అన్నాడు. ఆమెని భయపెడుతున్నదీ అదే. సొంత ఊళ్లో మారువేషం ఎంతసేపు నిలుస్తుంది?

"బ్రీఫింగ్," అన్నాడు చీఫ్. "ఆదిత్యపూర్‌లో ఖర్కాయి స్పెషల్ అల్లాయ్స్ అని ఒక ప్లాంటు. చచ్చిపోయిన అనంతకృష్ణ అక్కడ నెట్‌వర్క్ మేనేజర్. ఇవాళ విశ్వకర్మ పూజ. కొబ్బరికాయ కొట్టగానే కొత్త ఫర్నేసులో మొదటి హీట్, అంటే మొదటి విడత లోహం కరిగించడం, మొదలవుతుంది. మన యుద్ధనౌకల ఇంజన్లకి టర్బైన్ డిస్కులు చేసే లోహపు దిమ్మ అందులోంచే రావాలి. ఆ దిమ్మని ఎంత వేడిలో కరిగించాలి, ఎంత నిదానంగా చల్లార్చాలి అన్న రెసిపీ కోసం ఒక విదేశీ ముఠా ఏడాదిగా తిరుగుతోంది. మనం వాళ్లకి గిద్ద్, అంటే రాబందు, అని పేరు పెట్టుకున్నాం."

"లోకల్ మనిషి?"

"మోహిత్. ప్లాంటుకి నెట్‌వర్క్ సామాను సప్లై చేసిన కంపెనీకి ఏరియా హెడ్. సూటు, నవ్వు, విదేశీ వాచీ. వాడి పక్కన మన మనిషి ఒకరున్నారు. కోడ్ నేమ్ మైనా. అసలు పేరు సాహిత్య. ముఠా ఆమెని తమ మనిషే అనుకుంటోంది." శైలజ వైపు చూశాడు. "మనం కూడా మన మనిషే అనుకుంటున్నాం. మూడు వారాలుగా మైనా నోరు విప్పలేదు."

"పట్టుబడిందేమో."

"పట్టుబడిన మనిషి మోహిత్ చెయ్యి పట్టుకుని పార్టీలకి వెళ్లదు."

శైలజ ఒళ్లో మ్యాప్ విప్పింది. సాహిత్యతో ఆమె ట్రైనింగ్ ఒకే బ్యాచ్‌లో జరిగింది.

"ఇక ఆ ప్లాంటు నెట్‌వర్క్ రింగ్ గొడవ నాకర్థమయ్యేలా చెప్పు," అన్నాడు చీఫ్. "బ్రిడ్జి వచ్చేలోగా."

"ప్లాంటులో స్విచ్‌లు ఉంటాయి సార్, డేటాని ఒకచోటినుంచి ఇంకోచోటికి పంపే పెట్టెలు. వాటిని వరసగా ఫైబర్‌తో, డేటాని వెలుతురుగా మోసే గాజు తీగతో, కలుపుకుంటూ పోయి, చివరిదాన్ని మొదటిదానికి కలిపేశారు. అదే రింగ్. ఎక్కడ నుంచి ఎక్కడికైనా రెండు దారులుంటాయి. కానీ రెండు దారులూ ఒకేసారి తెరిచి ఉంచితే డేటా ఆ రింగులో ఆగకుండా తిరుగుతూ మొత్తం జామ్ చేసేస్తుంది. అందుకని ఒక లింకుని కావాలనే మూసి ఉంచుతారు. ఫైబర్ ఉంటుంది, డేటా నడవదు."

"ఎక్కడైనా తెగితే?"

"తెగినచోట అటూ ఇటూ ఉన్న స్విచ్‌లకి వెలుతురు రావడం ఆగిపోతుంది. రెండూ వెంటనే రింగంతా కేకేస్తాయి, ఇటు దారి లేదని. ఆ కేక వినగానే మూసి ఉంచిన లింకు తెరుచుకుంటుంది. డేటా వెనక్కి తిరిగి రెండో దారిన పోతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. ఫర్నేసుకి తెలియనే తెలియదు."

"మంచిదేగా."

"మంచిదే. కానీ ఇక్కడ ఒకే లింకు మాటిమాటికీ తెగుతోంది. అనంతకృష్ణ వెళ్లి చూస్తే ఫైబర్ బాగానే ఉంది. అంటే ఎవరో కావాలని ఆ లింకుని కాసేపు చీకటి చేస్తున్నారు. రింగుని చంపడం వాళ్ల పని కాదు సార్. రెండో దారి తెరిపించడం వాళ్ల పని. అసలు దారి కాపలా ఉన్న బిల్డింగుల్లోంచి పోతుంది. రెండో దారి ఎక్కడినుంచి పోతోందో చూడండి."

ఒళ్లో ఉన్న ప్లాంటు మ్యాప్ మీద వేలుపెట్టింది. మూసి ఉంచిన లింకు ప్లాంటు గోడ చివర, నది ఒడ్డున ఉన్న పంపు హౌస్‌లోంచి ఫర్నేసుకి పోతోంది.

కారు ఖర్కాయి బ్రిడ్జి ఎక్కింది. కింద నది ఎర్రగా, ఉరవడిగా పారుతోంది.

"సాహిత్య వాళ్లవైపు తిరిగిపోయిందని తేలితే..." అన్నాడు చీఫ్.

"తెలుసు సార్," అంది శైలజ.

గేటు దగ్గర దిగినప్పుడు ఆమె శైలజ కాదు. భువనేశ్వర్ నుంచి వచ్చిన ఇన్సూరెన్స్ సర్వేయర్ మిసెస్ మహాపాత్ర. లావుపాటి కళ్లద్దాలు, నెరిసిన విగ్గు, ఒడియా యాసలో హిందీ. జడకి పెట్టుకున్న క్లిప్ మాత్రం షాపులో దొరికేది కాదు. ఫైబర్‌ని ఆ క్లిప్ పళ్ల మధ్య కొంచెం వంచి పట్టుకుంటే అందులోంచి కారే వెలుతురుని చదివి, డేటా నడుస్తోందో లేదో చేతి వాచీలో చూపిస్తుంది.

విశ్వకర్మ పూజ రోజు కాబట్టి ప్లాంటు గేట్లు బార్లా తెరిచారు. కొత్త బట్టల్లో ఆడవాళ్లు, బెలూన్లు పట్టుకున్న పిల్లలు, లేత్ మిషన్లకి బంతిపూల దండలు, క్రేన్‌కి కుంకుమ బొట్లు. ఫర్నేసు ఎదురుగా ఇనప గ్యాలరీ కట్టి, మొదటి హీట్ చూడడానికి కార్మికుల కుటుంబాలని అక్కడ కూర్చోబెట్టారు. ఈ జనంలో ఏం తేడా వచ్చినా పారిపోవడానికి చోటులేదు.

పందిరి దగ్గర సాహిత్య కనిపించింది. నెమలిపింఛం రంగు బనారస్ చీర, మెడలో ఒకే ఒక్క ముత్యాల వరస, తలెత్తి నడిచే తీరు. మగవాళ్లు మంత్రాలు మరిచిపోయి అటే చూస్తున్నారు. పక్కన మోహిత్. అరచెయ్యి ఆమె వీపు మీద ఉంది.

శైలజ దగ్గరికి వెళ్లి నవ్వింది. కోడ్ వాక్యం తెలుగులో అంది. "ఖర్కాయి నీళ్లు ఇవాళ ఎర్రగా ఉన్నాయండీ."

జవాబులో 'వాన' అన్న మాట రావాలి. వస్తే క్షేమం.

సాహిత్య ఆమెని పైనుంచి కిందికి చూసింది. "మాఫ్ కీజియే, ముఝే తెలుగు నహీ ఆతీ," అంది చల్లగా. మోహిత్ నవ్వాడు. సాహిత్య బల్లమీది ఆకుదొన్నె ఒకటి అందుకుని, "ప్రసాద్ లీజియే," అంటూ శైలజ చేతిలో పెట్టి, వాడితో కలిసి వెళ్లిపోయింది.

తెలుగు రాదట! ట్రైనింగ్‌లో రాత్రిళ్లు అప్పచ్చుల కోసం పోట్లాడింది ఏ భాషలో? శైలజకి ఒళ్లు మండింది. చీఫ్ అన్నదే నిజమైతే?

బూందీ నోట్లో వేసుకోబోతే వేలికి గట్టిగా ఏదో తగిలింది. శనగగింజంత ఇయర్‌పీస్. చుట్టూ చూసి, విగ్గు సర్దుకుంటున్నట్టు చెయ్యెత్తి చెవిలో పెట్టుకుంది. బరబర తప్ప ఏమీ లేదు. ఇది సాయమో, ఉచ్చో తెలియదు.

ఆమె గొడుగు విప్పుకుని నది వైపు నడిచింది.

పంపు హౌస్ పాతకాలపు ఇటుక కట్టడం. లోపల ఫర్నేసుకి చన్నీళ్లు తోలే పెద్ద పంపు ఒకే శ్రుతిలో హుంకరిస్తోంది. గుమ్మంలో ఖాకీ బట్టల మనిషి, నుదుట కుంకుమ, నడుముకి వాకీటాకీ. అడ్డంగా నిలబడ్డాడు.

"అందర్ జానా మనా హై, మేడమ్. మోహిత్ సాబ్ కా ఆర్డర్."

మిసెస్ మహాపాత్ర కార్డు చూపించింది. ఇన్సూరెన్స్ అంది. సర్వే అంది. ఆయన కార్డు చూడలేదు. ముఖంలోకే చూస్తున్నాడు.

"నువ్వు పైడిబాబు కూతురివి గదేటి?"

శైలజ కొయ్యబారిపోయింది.

"ఆ గెడ్డం మీద మచ్చ నాకు తెల్దేటి! మా గుమ్మంలోనే గదా పడ్డావు, సైకిలు నేర్చుకుంతా. డిల్లీల బేంకు ఉజ్జోగమని సెప్పేడు మీ నాన్న. ఈ బూడిదరంగు జుట్టేటి తల్లీ?"

పోలరాజు. మాంగోలో వాళ్లకి మూడిళ్ల అవతల ఉండేవాడు. తొమ్మిదేళ్ల సర్వీసులో మూడు దేశాల పోలీసులు పట్టుకోలేకపోయిన వేషం అది.

"పోల్రాజు బాబాయ్," అంది గొంతు తగ్గించి. "నేను బ్యాంకులో చెయ్యను. గవర్నమెంటు పని. మొన్న బ్రిడ్జి మీద చచ్చిపోయిన అనంతకృష్ణగారిని చంపేశారు. దానికి కారణం ఈ గదిలో ఉంది. నన్ను లోపలికి రానీ."

పోలరాజు ముఖంలో నవ్వు ఆరిపోయింది. "ఆ బాబు మంచోడు. నిన్నగాక మొన్న ఈడకొచ్చి నాతో టీ తాగేడు." గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నాడు. "రా. కానీ పంపు జోలికెల్లకు. అదాగితే పెద్ద గండమే. ఫర్నేసు సుట్టూరా తిరిగేది ఈ నీల్లే. మా ఇంటిది దాలమ్మా, మనవలూ ఆ గ్యాలరీలోనే కూకున్నారు."

మూలన స్విచ్ ఉన్న ఇనప బీరువా. శైలజ తాళం తీసింది, అది పెద్ద పనేమీ కాలేదు. లోపల స్విచ్. దాని నుంచి ఫర్నేసు వైపు పోయే పసుపుపచ్చ ఫైబర్. అది గోడలోకి దూరేచోట, జంక్షన్ బాక్స్ వెనక, సిగరెట్ పెట్టెంత నల్లటి పెట్టె. ఫైబర్ ఒక పక్కనుంచి లోపలికి వెళ్లి ఇంకో పక్కనుంచి బయటికి వస్తోంది.

ఆమె క్లిప్ తీసి ఫైబర్‌కి తగిలించింది. ఈ దారి మూసి ఉండాలి. వాచీలో గీత నిదానంగా, అప్పుడప్పుడు మాత్రమే కదలాలి.

గీత పిచ్చెక్కినట్టు గంతులేస్తోంది.

అంటే అసలు దారి అప్పుడే తెగిపోయింది. డేటా మొత్తం ఈ నల్ల పెట్టెలోంచే పోతోంది.

బయట లౌడ్‌స్పీకర్ మోగింది. "ధ్యాన్ దీజియే. పెహలా హీట్ పిఘల్ చుకా హై. థోడీ దేర్ మే పోరింగ్ హోగీ." లోహం కరిగిపోయింది. కాసేపట్లో అచ్చులో పోస్తారు. చప్పట్లు వినిపించాయి.

సరిగ్గా అప్పుడు చెవిలో బరబర ఆగి, గొంతు వినిపించింది. అదే గొంతు పోలరాజు నడుముకున్న వాకీటాకీలోంచి కూడా వచ్చింది.

"శైలజా, విను. మధ్యలో మాట్లాడకు." తెలుగు. సాహిత్య. పరుగెత్తుతున్నట్టు రొప్పుతోంది. "పంపు హౌస్ ఛానల్‌లో మాట్లాడుతున్నాను. నా ఫోన్ మూడు వారాలుగా మోహిత్ దగ్గరే ఉంది. నా ఇంట్లో కెమెరాలు పెట్టాడు. నువ్వు తెలుగులో పలకరించినప్పుడు వాడి చెయ్యి నా వీపు మీద ఉంది. నా గుండె ఎలా కొట్టుకుంటోందో వాడికి తెలిసిపోతోంది."

"ఎక్కడున్నావు?" అంది శైలజ, పోలరాజు వాకీటాకీ అందుకుని.

"సబ్‌స్టేషన్ కేబుల్ రూంలో. ఫర్నేసుకి వెళ్లే అసలు ఫైబర్‌కి ఇక్కడ ఒక షట్టర్ తగిలించి ఉంది. రిమోట్ నొక్కితే వెలుతురు ఆగిపోతుంది. వాళ్లు చెబితే నేనే పెట్టాను. దొంగతనమే అనుకున్నాను శైలజా. కాదు. రెసిపీ వాళ్లకి ఎప్పుడో దొరికింది. ఆ నల్ల పెట్టె వినడానికి కాదు, మార్చడానికి. పోరింగ్ మొదలవగానే కంట్రోల్ రూం నుంచి కూలింగ్ కర్వ్, అంటే చల్లార్చే లెక్క, వెళుతుంది. పెట్టె దాన్ని పట్టుకుని కొంచెం వేరేది పంపుతుంది. దిమ్మ పైకి బాగానే ఉంటుంది. లోపల వెంట్రుకంత పగులు. ఏ టెస్టులోనూ దొరకనంత సన్నం. అది డిస్క్ అయి, ఓడెక్కి, ఏదో ఒకరోజు నడిసముద్రంలో..."

శైలజ ఆమె మాటకి అడ్డొచ్చింది. "కంట్రోల్ రూంకి చెప్పి పోరింగ్ ఆపించు."

"ఆపమన్న ఆర్డరు కూడా ఆ పెట్టె దాటే వెళ్లాలి. దాన్నీ మింగేస్తుంది."

నిజమే. శైలజ బుర్ర చకచకా పనిచేసింది. బీరువాలోంచి కటింగ్ ప్లయర్ తీసింది. ఈ ఫైబర్ తెంపేస్తే పెట్టె చచ్చిపోతుంది. కానీ అసలు దారి తెగి ఉండగా ఇదీ తెంపితే? ఫర్నేసు రింగు నుంచి పూర్తిగా విడిపోతుంది. ఫర్నేసు నుంచి ఆజ్ఞలు రాక పంపు ఆగిపోతుంది. చుట్టూ తిరిగే నీళ్లు ఆగితే, కరిగిన లోహం గోడ తినేసి నీళ్లతో కలుస్తుంది. బాంబుకీ దానికీ తేడా ఉండదు. ఎదురుగా గ్యాలరీ నిండా జనం.

"షట్టర్ తీసెయ్," అంది. "ఫైబర్ నేరుగా కలుపు."

"తీస్తున్నాను. కానీ తీసినా రింగ్ వెంటనే ఆ దారికి మళ్లదు కదా."

అవును. అక్కడే ఉంది మోహిత్ తెలివంతా. తెగిన లింకు మళ్లీ వెలిగినా రింగ్ దాన్ని వెంటనే నమ్మదు. మళ్లీ తెగుతుందేమోనని ఓ అయిదు నిమిషాలు ఆ దారి మూసే ఉంచి కనిపెడుతుంది. అప్పుడుగాని పాత దారికి తిరిగి రాదు. పోరింగ్‌కి అంత టైం లేదు.

కానీ ఆ కనిపెట్టే సమయంలో రెండో దారి తెగితే? ఈ చివరనున్న స్విచ్ కేకేస్తుంది. అసలు దారి కాచుకుని ఉన్న స్విచ్‌లు ఆ కేక విని, ఇక ఆలోచించకుండా తలుపు తెరుస్తాయి. రెప్పపాటులో డేటా అసలు దారిన పోతుంది.

"సాహిత్యా, నువ్వు అక్కడ కలిపాక, నేను ఇక్కడ తెంపుతాను," అంది. "ఆ వరసలోనే జరగాలి. ముందు నువ్వు. తరవాత నేను."

"అదే చెప్పబోతున్నాను."

పంపు హౌస్ తలుపు మీద దబదబ చప్పుడైంది. "పోల్రాజు! దర్వాజా ఖోల్!" కిటికీలోంచి చూస్తే సెక్యూరిటీ బట్టల్లో మోహిత్ మనుషులిద్దరు. పోలరాజు వేసి ఉన్న గడియలో పెద్ద పైపు రెంచి అడ్డంగా దూర్చి, భుజం ఆనించి నిలబడ్డాడు.

"ఇప్పుడు డూటీలో ఉన్నాను, ఎవుల్నీ రానియ్యను!" అని లోపల్నుంచి అరిచాడు. "మోహిత్ సాబ్ కా ఆర్డర్ హై!"

తలుపు అదిరింది. పైనున్న సున్నం రాలింది.

లౌడ్‌స్పీకర్. "పోరింగ్ కే లియే తయ్యార్ రహే."

"కలిపాను," అంది సాహిత్య గొంతు. "షట్టర్ తీసేశాను. అసలు ఫైబర్ వెలిగింది. తెంపు!"

శైలజ ఫైబర్‌ని ప్లయర్ పళ్ల మధ్య పెట్టింది.

"తెంపకు." ఇంకో గొంతు. మెత్తగా, హిందీలో. వాకీటాకీ మోహిత్ దగ్గర కూడా ఉంది, తెలుగు కూడా అర్థమవుతుందన్నమాట. "ఆమె అబద్ధం చెబుతోంది. షట్టర్ ఇంకా వేసే ఉంది. నువ్వు తెంపిన మరుక్షణం ఫర్నేసు గుడ్డిది అయిపోతుంది. ఆ గ్యాలరీలో పసిపిల్లలున్నారు, ఆలోచించుకో. సాహిత్య మూడు వారాలుగా నా మనిషి. నమ్మకం లేకపోతే అడుగు. అనంతకృష్ణని ఆ రోజు మాంగో బ్రిడ్జి మీదికి రమ్మని పిలిచింది ఎవరో అడుగు."

"సాహిత్యా?" అంది శైలజ.

"నేనే పిలిచాను," అంది సాహిత్య. "ఆయనకి అంతా చెప్పేద్దామని. నా వెనక మనుషులున్నారని తెలియలేదు. నేనే పిలిచాను."

పోలరాజు వెనక్కి తిరిగాడు. భుజం తలుపుకే ఉంది. "ఆ పిల్ల మాట మీద మా ఇంటోల్ల పేనాలెడతావేటి? ఆ బాబుని సంపించింది అదేనంట గదా! ఒప్పేసుకుంది గదా!"

ఒక పక్క ట్రైనింగ్‌లో తన పక్క మంచం మీద పడుకున్న మనిషి. ఇంకో పక్క చీఫ్ మాట. ఇక్కడినుంచి అవతలి ఫైబర్ వెలిగిందో లేదో తెలుసుకునే దారే లేదు. క్లిప్ ఈ ఫైబర్‌నే చదువుతుంది. దాన్ని కాదు.

ఆమె కళ్లు మూసుకుని మోహిత్ మాటలు మళ్లీ విన్నట్టు గుర్తుచేసుకుంది. పసిపిల్లలున్నారు. ఎంత జాలి! పట్టపగలు బ్రిడ్జి మీద మనిషిని లారీతో గుద్దించినవాడికి, పసిపిల్లల మీద ఎప్పుడు పుట్టింది ఈ జాలి? సాహిత్య అబద్ధమే చెబుతుంటే వాడికి నష్టమేమిటి? ప్లాంటు పేలితే గిద్ద్‌కి పండగే. వాడు నోరు మూసుకుని చూస్తూ కూర్చునేవాడు. వాడు అడ్డుపడుతున్నాడంటే, తెంపితే తన ఆట ఆగిపోతుందని వాడికి తెలుసు.

ఇక సాహిత్య. తప్పించుకోవాలనుకునే మనిషి, ఆ ప్రశ్నకి 'నేను కాదు' అని ఉండేది.

"పోరింగ్ షురూ!" లౌడ్‌స్పీకర్ అరిచింది. తలుపు గడియ ఊడి వేలాడింది.

"బాబాయ్, పంపు చప్పుడు విను," అంది శైలజ. ప్లయర్ నొక్కింది.

టప్ మని చిన్న చప్పుడు. పసుపుపచ్చ తీగ రెండు ముక్కలై వేలాడింది. స్విచ్ మీద ఒక దీపం ఎర్రగా మారింది.

పోలరాజు పంపు వైపు చెవి పెట్టాడు. శైలజ కూడా.

పంపు అదే శ్రుతిలో హుంకరిస్తోంది. ఒక్క పిసరు తగ్గలేదు, ఒక్క పిసరు పెరగలేదు. దూరాన గ్యాలరీలోంచి ఒక్కసారిగా "విశ్వకర్మ బాబా కీ జై!" అని కేకలు, శంఖాల మోత. లోహం అచ్చులోకి దిగుతోంది. ఏమీ జరగలేదు. తన ఉద్యోగంలో అంతకంటే మంచి వార్త శైలజ ఎప్పుడూ వినలేదు.

పోలరాజు తలుపు వదిలి వచ్చి పంపు మీద చెయ్యి వేశాడు. తలుపు భళ్లున తెరుచుకుంది. లోపలికి దూకిన మొదటివాడి మోకాలి మీద శైలజ ఇన్సూరెన్స్ సర్వేయర్లు కొట్టని దెబ్బ ఒకటి కొట్టింది. రెండోవాడు ఆమె ముఖం చూసి ఆగి, వెనక్కి తిరిగి పరుగెత్తాడు. నది ఒడ్డున ప్రేమ్‌కుమార్ మనుషులు వాడికోసమే నిలబడి ఉన్నారు.

"సాహిత్యా," అని పిలిచింది. జవాబు లేదు.

ఆమె వానలో, బంతిపూల మధ్యనుంచి, ప్రసాదం పట్టుకున్న జనాన్ని తోసుకుంటూ పరుగెత్తింది. విగ్గు ఎక్కడ పడిపోయిందో తెలియదు. కేబుల్ రూం తలుపు తెరిచే ఉంది. సాహిత్య గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. కనుబొమ మీద చీలి, నెమలిపింఛం చీర మీదికి రక్తం కారుతోంది. పక్కన పగిలిన టార్చిలైటు. ఎదురుగా ఫైబర్ రెండు కొసలూ కలిసే ఉన్నాయి. వాటిని మోహిత్ ఊడబెరక్కుండా ఆమె రెండు చేతులూ ఇంకా కప్పుకునే ఉన్నాయి.

"తెంపావా?" అంది కళ్లు తెరవకుండా.

"తెంపాను."

"నమ్ముతావనుకోలేదు."

"నేనూ అనుకోలేదు," అంది శైలజ పక్కన కూలబడుతూ. చీర కొంగుతో ఆమె కనుబొమ నొక్కి పట్టుకుంది.

మోహిత్ మెయిన్ గేటు దగ్గర దొరికాడు. అతిథుల కారులో బయటపడబోతుంటే, పూజ ఊరేగింపు అడ్డొచ్చి కారు కదలలేదట. హారన్ కొట్టినందుకు ముందు జనం తిట్టారు, ఆ తరవాత ప్రేమ్‌కుమార్ వచ్చాడు. మోహిత్ వాచీతో పాటు నవ్వు కూడా తీసి ఇచ్చేశాడు. గిద్ద్ ముఠాలోవాళ్ల పేర్లు ఆ సాయంత్రానికే ఒకటొకటీ చెప్పడం మొదలుపెట్టాడు.

హాస్పిటల్ వరండాలో, కనుబొమకి కుట్లు వేయించుకుని వచ్చిన సాహిత్య బెంచీ మీద కూర్చుంది.

"అనంతకృష్ణ భార్య రమణిగారు అగ్రికో కాలనీలో ఉంటారు," అంది. "ఆమెకి ఏం చెబుతారు?"

"రోడ్డు ప్రమాదం," అన్నాడు ప్రేమ్‌కుమార్. "అంతకుమించి చెప్పే అధికారం మనకి లేదు."

"నేను వెళ్తాను. ఏమీ చెప్పను. ఊరికే వెళ్లి కూర్చుంటాను."

చీఫ్ వద్దనబోయి, శైలజ ముఖం చూసి ఊరుకున్నాడు. శైలజ సాహిత్య భుజం చుట్టూ చెయ్యి వేసింది. "నేనూ వస్తాను," అంది.

అంతలో పోలరాజు వచ్చాడు. వెనకాల దాలమ్మ, ఇద్దరు మనవలు, చేతిలో ప్రసాదం. సాహిత్య ఎదురుగా నిలబడి దొన్నె ఆమె చేతిలో పెట్టాడు. "తిను తల్లీ. పొద్దున్నుంచి ఏటీ తిన్లేదేమో," అన్నాడు. అంతే అన్నాడు.

తరవాత శైలజని పక్కకి పిలిచాడు. ముఖంలో పెద్ద చిక్కు.

"ఫైబరెవుడు తెంపేడని సూపర్‌వైజరు అడుగుతున్నాడమ్మా. గవర్నమెంటు రహస్యమని నోరిప్పొద్దన్నారు మీ సారు. మరి నానేటి సెప్పాల?"

"ఏం చెప్పావు బాబాయ్?"

"ఎలక కొరికేసిందని సెప్పీసినాను."

కేసు మొత్తం టాప్ సీక్రెట్ ఫైల్లోకి వెళ్లి తాళం పడింది. ప్లాంటు మేనేజ్‌మెంట్ మాత్రం వెంటనే చర్య తీసుకుంది. మర్నాడు పొద్దున పంపు హౌస్‌లో రెండు ఎలకల బోనులు పెట్టించింది.